జరగని పోటీ, చెరగని ఆట

అరవై నాలుగు గళ్ల చరిత్ర – 11వ భాగం

ఎమాన్యుయెల్ లాస్కర్ 1894లో స్టైనిట్జ్‌ను ఓడించి ప్రపంచ విజేత అయిన వైనం గత భాగంలో చూశాం. ఆ బిరుదు 1921 దాకా ఇరవై ఏడేళ్లపాటు అతని దగ్గరే ఉండిపోయింది. ఇన్నేళ్లలో అతనికి సరిజోడు పుట్టలేదా అంటే, పుట్టాడు. అప్పటికి భూపటం మీద పేరు కూడా మిగలని పోలండ్‌లో, ఒక పేద యూదు కుటుంబంలో పుట్టాడు. లాస్కర్‌ను ఎదురుగా కూర్చుని ఓడించాడు. ప్రపంచ బిరుదు కోసం ఇద్దరి మధ్య పోటీకి ఏర్పాట్లు కూడా మొదలయ్యాయి. ఆ పోటీ జరగలేదు. అకీబా రూబిన్‌స్టైన్ కథ ఇది.

ముందుగా ఆనాటి పద్ధతి చెప్పుకోవాలి. ప్రపంచ చదరంగ సమాఖ్య 'ఫిడే' 1924లో గానీ పుట్టలేదు. ప్రపంచ బిరుదు నిర్వహణ దాని చేతికి రావడానికి 1948 దాకా పట్టింది. అంతవరకూ బిరుదు విజేత సొంత ఆస్తి. ఎవరితో ఆడాలో, ఎన్ని ఆటలు ఆడాలో, పందెం సొమ్ము ఎంత ఉండాలో అతనే నిర్ణయిస్తాడు. సవాలు చేసినవాడు ఆ సొమ్ము తానే పోగుచేసుకోవాలి. లాస్కర్ పెద్ద మొత్తాలు అడిగేవాడని చాలామంది తప్పుపట్టారు. కానీ అతని కంటికి కనబడే ఉదాహరణ స్టైనిట్జ్. అంతటి విజేత 1900లో న్యూయార్క్‌లో కటిక దరిద్రంలో, మానసిక వైద్యశాలలో కన్నుమూశాడు. ఆటగాడి శ్రమకు వెల కట్టాలన్న లాస్కర్ పట్టుదలలో న్యాయం ఉంది. ఆ పట్టుదల మోయలేనంత భారంగా పడింది మాత్రం డబ్బున్న స్నేహితులు లేనివాళ్ల మీద.

స్తావిస్కీ నుంచి లోడ్జ్‌కు

రష్యా జార్ పాలనలో ఉన్న పోలండ్ భాగంలో, స్తావిస్కీ అనే చిన్న ఊళ్లో 1880 డిసెంబరులో రూబిన్‌స్టైన్ పుట్టాడు. 1882లో పుట్టాడని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. పన్నెండు మంది సంతానంలో ఒకడు. తోబుట్టువుల్లో చాలామంది చిన్ననాడే పోయారు. తండ్రి కూడా క్షయతో పోవడంతో పిల్లవాడు తాతగారింట పెరిగాడు. ఇంట్లోవాళ్లు అతన్ని రబ్బీని చేయాలనుకున్నారు. మతగ్రంథాల పాఠశాలలో చదువుతుండగా చదరంగం కంటపడింది. అప్పటికి దాదాపు పదహారేళ్లు. మహా ఆటగాళ్లలో ఎక్కువమంది అయిదారేళ్లకే పావులు పట్టుకున్నవాళ్లు. వాళ్లతో పోలిస్తే ఇతను చాలా ఆలస్యంగా మొదలుపెట్టాడు. హీబ్రూలో అచ్చయిన ఒక చదరంగం పుస్తకం దొరికితే దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. రబ్బీ చదువు అక్కడితో ఆగిపోయింది.

ఊళ్లో ఆడేందుకు సరైన జోడు లేదు. అందుకే లోడ్జ్ నగరానికి వెళ్లాడు. బట్టల మిల్లులతో ఎదిగిన పారిశ్రామిక నగరం అది. మిల్లు యజమానుల ఆదరణ వల్ల చదరంగం అక్కడ బాగా వేళ్లూనింది. ఆ ఊరి మేటి ఆటగాడు గియోర్గ్ సాల్వే. రూబిన్‌స్టైన్ అతనితో ఆడీ ఆడీ రాటుదేలాడు. ఇద్దరికీ జరిగిన మొదటి మ్యాచ్ సమంగా ముగిసింది, రెండోది శిష్యుడే గెలిచాడు. 1903లో కీవ్‌లో జరిగిన అఖిల రష్యా పోటీలో అయిదో స్థానం వచ్చింది. 1905లో జర్మనీలోని బార్మెన్ పోటీలో చెక్ ఆటగాడు దూరాస్‌తో కలిసి మొదటి స్థానం పంచుకున్నాడు. మాస్టర్ హోదా వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు.

రెండేళ్లలో యూరప్ అంతా అతని పేరు మోగింది. 1907లో కార్ల్స్‌బాద్‌లో 21 మంది ఆడిన పెద్ద పోటీలో 20 ఆటలకు 15 పాయింట్లు సాధించి, హంగరీ దిగ్గజం మరోట్సీని అర పాయింటు వెనక్కి నెట్టి మొదటివాడయ్యాడు.

రోట్లేవీతో ఆట

అదే ఏడాది డిసెంబరులో లోడ్జ్‌లో జరిగిన ఆట ఒకటి నేటికీ ప్రతి చదరంగ పాఠ్యపుస్తకంలో కనిపిస్తుంది. ఎదుటి ఆటగాడు గెర్ష్ రోట్లేవీ, పద్దెనిమిదేళ్ల ప్రతిభావంతుడు. రూబిన్‌స్టైన్ నల్లపావులతో ఆడాడు. మొదట్లో రెండు వైపులా పావుల అమరిక అద్దంలో చూసినట్లే ఉంది. తెల్లపావులవాడు మంత్రిని అటూ ఇటూ తిప్పుతూ ఒకటి రెండు ఎత్తులు వృథా చేశాడు. ఆ చిన్న జాప్యాన్ని రూబిన్‌స్టైన్ పట్టుకున్నాడు. ఏటవాలుగా నడిచే రెండు శకటులనూ పక్కపక్క దారుల్లో తెల్లరాజు మూలకు గురిపెట్టాడు. గుర్రాన్ని, మంత్రిని ముందుకు దూకించాడు.

ఇరవై రెండో ఎత్తులో రోట్లేవీ ఒక బంటును ముందుకు జరిపి నల్లమంత్రి మీదికి తెచ్చాడు. ఎవరైనా మంత్రిని తప్పించాలనే చూస్తారు. రూబిన్‌స్టైన్ దాన్ని అక్కడే వదిలేసి, పటానికి అవతలి పక్కన ఏనుగుతో గుర్రాన్ని కొట్టాడు. రోట్లేవీ మంత్రిని చంపాడు. వెంటనే రూబిన్‌స్టైన్ రెండో ఏనుగును తెల్లమంత్రి పక్కనే, చంపడానికి వీలుగా తెచ్చి పెట్టాడు. దాన్ని చంపితే శకటు దారి తెరుచుకుంటుంది, చంపకపోయినా ఓటమే. మరో రెండు ఎత్తులకు, ఇరవై అయిదో ఎత్తు దగ్గర, మిగిలిన నల్ల ఏనుగు రాజు ముంగిట్లోకి వచ్చి నిలిచేసరికి ఆటకట్టు తప్పదని చూసి రోట్లేవీ ఓటమి ఒప్పుకున్నాడు.

ఈ ఆటను బలిదానాల మెరుపుగా మాత్రమే చూపించడం రివాజు. జాగ్రత్తగా ఆడి చూస్తే ఇందులో అసలు గొప్పదనం ముందు ఎత్తుల్లో ఉంది. ప్రతి పావూ తనకు తగిన గడిలో కుదురుకున్నాకే దాడి మొదలైంది. బలిదానాలు ఆ అమరికలోంచే పుట్టాయి. అంతటి ఆటలో ఓడిన రోట్లేవీ బతుకు మరో విషాదం. 1911లో కార్ల్స్‌బాద్‌లో నాలుగో స్థానం సాధించాక మనోవ్యాధి బారినపడి ఆటకు దూరమై, 1920లో చనిపోయాడు.

లాస్కర్ ఎదురుగా

1909 ఆరంభంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, అంతకు ఏడాది ముందు మరణించిన రష్యన్ ఆటగాడు చిగోరిన్ స్మారకంగా పెద్ద పోటీ జరిగింది. 19 మంది ఆడారు. లాస్కర్ వచ్చాడు. పోటీ ముగిసేసరికి లాస్కర్‌కూ రూబిన్‌స్టైన్‌కూ చెరి 14.5 పాయింట్లు. వాళ్ల తర్వాత నిలిచిన దూరాస్, స్పీల్‌మన్‌లకు 11. అంటే మిగతా లోకానికీ వీళ్లిద్దరికీ మధ్య మూడున్నర పాయింట్ల ఎడం. ఇద్దరూ తలపడ్డ ఆటలో గెలిచింది రూబిన్‌స్టైన్.

ఆ గెలుపు వచ్చిన తీరు ముఖ్యం. ఆట నడుమ లెక్కలు తేల్చుకున్నాక పటం మీద రాజులు, ఏనుగులు, కొన్ని బంట్లు మిగిలాయి. రూబిన్‌స్టైన్‌కు ఒక్క బంటు ఎక్కువ. ఏనుగులు మిగిలిన ముగింపులో ఒక్క బంటు ఆధిక్యంతో గెలవడం ఎంత కష్టమో ఆడేవాళ్లకు తెలుసు. అలాంటి ఆటలు ఎక్కువగా డ్రాగానే ముగుస్తాయి. పైగా ఎదురుగా ఉన్నది ఓటమి అంచు నుంచి ఎన్నో ఆటలు లాక్కొచ్చిన లాస్కర్. రూబిన్‌స్టైన్ తొందరపడలేదు. లాస్కర్ ఏనుగునూ రాజునూ రక్షణ పనికే కట్టేసి, కదిలితే నష్టం, కదలక తప్పదు అన్న స్థితికి తెచ్చాడు.

అతని ఆటలోని కొత్తదనం ఇక్కడే ఉంది. అతని ముందు తరం వాళ్లకు ఆట మూడు విడి ముక్కలు: మొదలు, నడుమ, ముగింపు. రూబిన్‌స్టైన్ నారు పోసేనాడే కోతను లెక్కగట్టుకునే రైతులా ఆడాడు. అయిదో ఎత్తులో ఏ బంటును ఏ గడిలో ఉంచాలో నిర్ణయించేటప్పుడే, నలభయ్యో ఎత్తు తర్వాత ఆ బంటు బలమవుతుందా బరువవుతుందా అని చూసేవాడు. ఎదుటివాడి బంట్ల వరుసలో చిన్న లోపాన్ని ముందే గుర్తించి, పావులు మార్చుకుంటూ మార్చుకుంటూ ఆ లోపం తప్ప మరేమీ మిగలని ముగింపుకు తీసుకెళ్లేవాడు. ఏనుగుల ముగింపుల్లో అతన్ని మించినవాడు లేడని తోటి మాస్టర్లే ఒప్పుకున్నారు. ఆ ఆటలు ఇప్పటికీ శిక్షణలో మొదటి పాఠాలు.

1912, ఆ తర్వాత 1914

1911లో సాన్ సెబాస్టియన్‌లో ఒక కొత్త పేరు మోగింది. క్యూబా నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల కాపబ్లాంకా ఆ పోటీ గెలిచాడు. అర పాయింటు వెనుక విద్మర్‌తో కలిసి రూబిన్‌స్టైన్ రెండో స్థానంలో నిలిచాడు. అయితే పోటీ మొత్తంలో ఒక్క ఆట కూడా ఓడలేదు. కాపబ్లాంకాకు ఎదురైన ఒకే ఒక్క ఓటమి అతని చేతిలోనే.

మరుసటి ఏడాది అతనిది. 1912లో సాన్ సెబాస్టియన్, పిష్టియాన్, బ్రెస్లౌ, వార్సా, విల్నా – అయిదు పోటీల్లో మొదటి స్థానం. బ్రెస్లౌలో మాత్రం దూరాస్‌తో పంచుకున్నాడు. పిష్టియాన్‌లో 17 ఆటలకు 14 పాయింట్లు తెచ్చుకుని, తర్వాతి వాడికన్నా రెండున్నర పాయింట్లు ముందున్నాడు. పోటీలు అరుదుగా జరిగే ఆ కాలంలో ఒకే ఏడాదిలో ఇన్ని విజయాలు అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆనాటి ఫలితాలను నేటి లెక్కల పద్ధతిలో మళ్లీ తూచినవాళ్లు కూడా ఆ రోజుల్లో ప్రపంచంలో మొదటి స్థానం రూబిన్‌స్టైన్‌కే కట్టబెట్టారు.

ఇక లాస్కర్ తప్పించుకోవడానికి దారి లేదని అందరూ అనుకున్నారు. చర్చలు నడిచాయి. 1914 శరత్కాలంలో పోటీ జరపాలని అనుకున్నారు. డబ్బు కూడగట్టే పని మాత్రం కష్టంగానే ఉంది.

ఆ ఏడాది వసంతంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మరో మహా పోటీ జరిగింది. మొదటి దశలో పైన నిలిచిన అయిదుగురే తుది దశకు వెళ్లాలి. లాస్కర్, కాపబ్లాంకా, అలెఖిన్, టారాష్, మార్షల్ వెళ్లారు. రూబిన్‌స్టైన్ వెళ్లలేకపోయాడు. లాస్కర్ చేతిలో ఓడాడు కూడా. ప్రపంచ బిరుదుకు సవాలు చేయబోయేవాడు తుది దశకే చేరకపోవడం అతని పక్షాన డబ్బు పెట్టాలనుకున్నవాళ్ల ఉత్సాహం చల్లార్చింది. అయినా ఒక చెడ్డ పోటీ నుంచి తేరుకోవడం అతనికి అసాధ్యమేమీ కాదు. తేరుకునే వ్యవధి దొరకలేదు. ఆగస్టులో ప్రపంచ యుద్ధం మొదలైంది. పోటీ ఊసు ఎత్తేవాడే లేకపోయాడు. అప్పటికి అతనికి ముప్ఫై మూడేళ్లు, ఆటగాడికి మంచి వయసు. ఆ వయసులోని నాలుగేళ్లు ఆక్రమిత పోలండ్‌లో, జర్మన్ సైన్యం నీడలో గడిచిపోయాయి.

రోగంతో, పేదరికంతో

1917లో పెళ్లి చేసుకున్నాడు. 1918లో బెర్లిన్‌లో మరో మేటి ఆటగాడు ష్లెష్టర్‌తో చిన్న మ్యాచ్ ఆడి గెలిచాడు. అదే ఏడాది చివర 123 ఏళ్ల తర్వాత పోలండ్ మళ్లీ స్వతంత్ర దేశమైంది. రూబిన్‌స్టైన్ మాత్రం బతుకుతెరువు వెతుక్కుంటూ స్వీడన్‌కు, అక్కడి నుంచి జర్మనీకి, చివరికి 1926లో బెల్జియానికి చేరాడు.

ఈ లోపల ఒక వ్యాధి అతన్ని పట్టింది. మనుషులంటే భయం. పదిమంది మధ్య కూర్చోవడం నరకమయ్యేది. ఎత్తు వేసి, లేచి వెళ్లి హాలులో ఒక మూల ఒంటరిగా నిలబడేవాడు. ఎదుటివాడు ఎత్తు వేశాక తిరిగొచ్చేవాడు. నిద్ర కరువైంది. చెవిలో ఏవో చప్పుళ్లు. ఈ వ్యాధి మీద తర్వాతి కాలంలో బోలెడు కట్టుకథలు అల్లారు, నవ్వుకోవడానికి చెప్పుకున్నారు. నవ్వవలసిన విషయం కాదు. అప్పటికి ఈ వ్యాధులకు సరైన మందు లేదు. ఆదాయం కోసం పోటీలకు వెళ్లక తప్పదు, ఆ పోటీలే మనసును చితకబొడుస్తాయి. ఆ పరిస్థితిలో కూడా అతను ఆడిన ఆటలు చూస్తే తలవంచి నమస్కరించాలనిపిస్తుంది. 1922లో వియన్నా పోటీలో 14 ఆటలకు 11.5 పాయింట్లు సాధించి మొదటి స్థానంలో నిలిచాడు. అలెఖిన్ వంటివాడు అతని వెనుక మిగిలాడు.

ఆ ఏడాదే లండన్‌లో, కొత్త విజేత కాపబ్లాంకా చొరవతో ప్రపంచ పోటీకి నియమాలు రాసుకున్నారు. సవాలు చేసేవాడు కనీసం 10,000 డాలర్లు సమకూర్చాలన్నది అందులో ప్రధానం. సంతకం చేసిన మాస్టర్లలో రూబిన్‌స్టైన్ కూడా ఉన్నాడు. ఆ డబ్బు అతనికి ఎన్నటికీ సమకూరలేదు. దక్షిణ అమెరికాలోని అభిమానుల అండతో అలెఖిన్‌కు సమకూరింది. అతను 1927లో బ్యూనస్ ఎయిరిస్‌లో కాపబ్లాంకాను ఓడించాడు.

హాంబర్గ్ 1930

అదే 1927లో లోడ్జ్‌లో జరిగిన పోలండ్ జాతీయ పోటీని రూబిన్‌స్టైన్ గెలిచాడు. మూడేళ్ల తర్వాత పోలండ్ జట్టు మొదటి బల్ల మీద కూర్చుని అతను చేసిన పని చదరంగ ఒలింపియాడ్ చరిత్రలో గొప్ప ఘట్టాల్లో ఒకటి. హాంబర్గ్‌లో 18 దేశాలు ఆడాయి. ప్రతి దేశం తన ఉత్తమ ఆటగాణ్ని పెట్టే మొదటి బల్ల మీద అతను 17 ఆటలు ఆడి, 13 గెలిచి, 4 డ్రా చేసుకున్నాడు. ఓటమి లేదు. ఇదంతా యాభయ్యో ఏట. పోలండ్ 48.5 పాయింట్లతో హంగరీని, జర్మనీని దాటి స్వర్ణం గెలిచింది. స్వతంత్ర దేశంగా పన్నెండేళ్ల వయసున్న పోలండ్‌కు అది మామూలు గర్వం కాదు.

మరుసటి ఏడాది ప్రాగ్‌లో రజతం వచ్చింది. అక్కడ ఇంగ్లండ్ తరఫున ఆడిన అవిభక్త పంజాబ్ ఆటగాడు సుల్తాన్ ఖాన్ చేతిలో రూబిన్‌స్టైన్ ఓడాడు. ఆ తర్వాత కొద్దికాలానికే పోటీల నుంచి పూర్తిగా తప్పుకున్నాడు.

హాంబర్గ్‌లో స్వర్ణం గెలిచిన అయిదుగురి తర్వాతి జీవితాలు ఆ దశాబ్దపు యూరప్ చరిత్రే. పెద్దమనసున్న దావిద్ షెపియుర్కా వార్సాలో చదరంగ మిత్రులతో ఉండగా 1940 జనవరిలో నాజీలకు చిక్కి, పాల్మిరీ అడవిలో హత్యకు గురయ్యాడు. పౌలిన్ ఫ్రిద్మన్ 1939 ఒలింపియాడ్ కోసం బ్యూనస్ ఎయిరిస్‌లో ఉండగా యుద్ధం మొదలై అక్కడే నిలిచిపోయాడు. తార్తకోవర్ ద గాల్ సేనలో చేరి ఫ్రాన్స్ కోసం పోరాడాడు. మకార్చిక్ పోలండ్‌లోనే బతికి బయటపడ్డాడు. రూబిన్‌స్టైన్ నాజీ ఆక్రమణలోని బెల్జియంలో చిక్కుకున్నాడు. 1942 నుంచి అక్కడి యూదులను మెహెలెన్ శిబిరంలో పోగేసి ఆష్విట్జ్‌కు రైళ్లలో పంపించారు. దాదాపు 25,000 మందిని అలా తరలించారు. రూబిన్‌స్టైన్ బ్రస్సెల్స్‌లోని మానసిక చికిత్సాలయంలో ఉండి ప్రాణాలతో మిగిలాడు. అతను పుట్టిన స్తావిస్కీలోని యూదులను 1941లోనే ఊచకోత కోశారు.

మిగిలింది

1950లో ఫిడే మొట్టమొదటిసారి అధికారికంగా గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చినప్పుడు 27 పేర్లలో రూబిన్‌స్టైన్ పేరు ఉంది. అప్పటికి పోటీలు మానేసి ఇంచుమించు ఇరవై ఏళ్లు. యుద్ధానికి ముందు పోలండ్ తరఫున ఆడిన తార్తకోవర్, నైడార్ఫ్ కూడా ఆ జాబితాలో ఉన్నారు. ముగ్గురూ అప్పటికే వేరే దేశాల్లో స్థిరపడ్డవాళ్లు. రూబిన్‌స్టైన్ భార్య 1954లో పోయింది. అతను 1961 మార్చి 14న ఆంట్‌వెర్ప్‌లో మరణించాడు. 1963లో పోలండ్‌లోని పొలనిత్సా జ్‌ద్రుయి పట్టణంలో అతని పేరిట స్మారక పోటీ మొదలైంది.

అతను వదిలి వెళ్లిన ఆస్తి ప్రతి ఆటగాడి చేతిలోనూ ఉంది. నిమ్జో-ఇండియన్ ఆరంభంలో నాలుగో ఎత్తుగా రాజు ముందున్న బంటును ఒక్క గడి జరిపితే అది రూబిన్‌స్టైన్ పద్ధతి. ఫ్రెంచ్ రక్షణలో అతని పేరిట ఒక శాఖ ఉంది. టారాష్ రక్షణ మీద తెల్లపావులకు శకటును పక్క నుంచి బయటికి తెచ్చే ఏర్పాటు కూడా అతను ప్రచారంలోకి తెచ్చిందే. 1924లో మెరాన్ పట్టణంలో గ్రూన్‌ఫెల్డ్ మీద నల్లపావులతో వాడిన పద్ధతికి ఆ ఊరి పేరే నిలిచింది. 2008లో బాన్ నగరంలో విశ్వనాథన్ ఆనంద్ ప్రపంచ పోటీలో క్రామ్నిక్‌ను నల్లపావులతో రెండుసార్లు చిత్తు చేసింది ఈ మెరాన్ పద్ధతితోనే. 2013 జనవరిలో వైక్ ఆన్ జీలో ఆనంద్ అరోనియన్‌ను ఓడించిన ఆట చూడగానే చదరంగ లోకానికి రోట్లేవీతో ఆట గుర్తొచ్చింది. రెండు శకటులు, మూలకు చిక్కిన రాజు, వరుస బలిదానాలు – నూట అయిదేళ్ల తర్వాత అదే భావం మళ్లీ పటం మీదికి వచ్చింది. 2012లో ఆనంద్‌తో ప్రపంచ బిరుదుకు తలపడిన బోరిస్ గెల్‌ఫాండ్ అయితే, చిన్నప్పుడు రూబిన్‌స్టైన్ ఆటల పుస్తకం చదివే తాను తయారయ్యానని చెప్పుకున్నాడు.

ప్రపంచ విజేతల పట్టికలో రూబిన్‌స్టైన్ పేరు లేదు. ఆ రోజుల్లో పట్టికకెక్కాలంటే బాగా ఆడితే చాలదు. సొమ్ము కావాలి, ఆరోగ్యం కావాలి, శాంతికాలం కావాలి. మూడూ అతనికి దక్కలేదు. అర్హులందరికీ ఒకే దారిలో అవకాశం ఇచ్చే పోటీల క్రమాన్ని ఫిడే 1948 తర్వాత ఏర్పరచింది. చందాలు పోగుచేసే శక్తితో నిమిత్తం లేకుండా, ఆటతోనే విజేత పీఠం దాకా వెళ్లే వీలు అప్పటి నుంచే వచ్చింది. చెన్నైలోనో గుంటూరులోనో పావులు పట్టుకున్న పిల్లవాడు ప్రపంచ బిరుదు గురించి కల కనగలిగేది ఆ మార్పు వల్లే. అది నలభై ఏళ్లు ముందు వచ్చి ఉంటే లాస్కర్ ఎదుట ఎవరు కూర్చునేవారో 1912 ఫలితాలు చెబుతున్నాయి.

(సశేషం)

వచ్చే భాగంలో: 1939 ఒలింపియాడ్ కోసం పోలండ్ నుంచి బ్యూనస్ ఎయిరిస్‌కు ఓడెక్కి, యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక అర్జెంటీనావాడైపోయిన మిగెల్ నైడార్ఫ్ కథ.